గలాట్స్ బియ్యం

బకావ్,
20 మార్చి 1978

వదినా,

ఉత్తరం కంటే ముందు పార్సిలే విప్పి ఉంటావు. అందులో డబ్బా చూసి మూతి ముడిచి ఉంటావు. ముడిస్తే ముడిచావు గానీ, దాన్ని పారెయ్యకుండా ఈ నాలుగు ముక్కలూ చదువు.

మా డబ్బాల ఫ్యాక్టరీలో ఇన్నాళ్ళూ చిక్కుళ్ళు, బఠాణీలు, టమాటా గుజ్జు పట్టేవాళ్ళమని నీకు తెలుసు. ఈ ఏడు సర్మాలె కూడా పట్టమని పైనుంచి ఆర్డరు వచ్చింది. అవును, మన సర్మాలే. పీపాలో ఊరిన క్యాబేజీ ఆకు, అందులో పంది ఖీమా, బియ్యం. చుట్టి, డబ్బాలో పేర్చి, మూత బిగించి, ఆవిరి పెట్టెలో గంటసేపు ఉడికిస్తారు. గనుల్లో పనిచేసేవాళ్ళకి, ఓడల మీద తిరిగేవాళ్ళకి, ఇంట్లో వండిపెట్టే మనిషి లేనివాళ్ళకి ఇవి వెళ్తాయట. చుట్టే బల్ల దగ్గర ముప్పైరెండు మంది ఆడవాళ్ళని వేశారు. వాళ్ళందరి మీదా పెద్దగా ఎవరిని పెట్టారనుకున్నావు? నీ ఆడపడుచునే. తెల్ల టోపీ, తెల్ల కోటు వేసుకుని బల్ల చివర నిలబడితే నాకే నేను డాక్టరమ్మలా కనిపిస్తున్నాను.

మా కామ్రేడ్ ఇంజనీరు పేరు ముంతెయాన్, కొండల అవతల ఆర్దియాల్ మనిషి. మంచివాడే గానీ, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటాడు. డబ్బాకి ఆరు సర్మాలె చాలన్నాడు, ఒక్కొక్కటీ పిడికిలంత. మా మొల్దావాలో కోడలు ఇంత లావున చుడితే అత్తగారు పుట్టింటికి పంపేస్తుందన్నాను. మా వైపు చిన్నవి పెడితే పిసినారి ఇల్లంటారు అన్నాడాయన. రెండు రోజులు వాదులాడుకుని పద్నాలుగు దగ్గర రాజీ పడ్డాం.

లావు సంగతి తేలింది గానీ, రుచి సంగతి తేలలేదు. నీకు పంపింది మా మొదటి డబ్బా. దానికి రుచీ పచీ లేదు, నేనే ఒప్పుకుంటాను. అందుకే ఇంజనీరు నన్ను పిలిచి, "మీ ఇంటి పద్ధతి రాసివ్వండి, కామ్రేడ్ కసాండ్రా. అక్టోబరులో కమిటీ వచ్చి రుచి చూస్తుంది. నచ్చితే దేశమంతా తినేది మీ ఇంటి వంటే" అన్నాడు.

సరేనని తలూపి వచ్చాను గానీ, మా ఇంటి పద్ధతి నాకు తెలిస్తే కదా. అమ్మ అది నీకు నేర్పింది, నాకు నేర్పలేదు. నేను చుడితే చెప్పుల జోడంత వస్తాయని వంటింట్లోంచి తరిమేసింది. ఇప్పుడు నా చేయి నిమిషానికి నాలుగు చుడుతోంది, అన్నీ చిటికెన వేలంత. అమ్మ ఉంటే చూపించేదాన్ని.

ఆ పద్ధతి రాసి పంపు వదినా. అన్నయ్యని అడిగానని చెప్పు.

నీ కసాండ్రా


వాల్యా మొరీ,
9 ఏప్రిల్ 1978

కసాండ్రా,

నీ డబ్బా నేను తినలేదు. మీ అన్నయ్య తిన్నాడు. ఈస్టరు ఉపవాసాలు నడుస్తుంటే, ఊరంతా ఉల్లిపాయా రొట్టే తింటుంటే, ఆ పెద్దమనిషి పశువుల కొట్టం వెనక నిలబడి చాకుతో మూత కోసుకుని చల్లచల్లగా లాగించాడు. కోళ్ళు ఖాళీ డబ్బాలో తలలు దూర్చుకుంటుంటే చూశాను. ఏమిటిది తోదెర్ అని అడిగితే పిల్లి తినుంటుందన్నాడు. మూత కోసుకుని తినే పిల్లిని మనం ఎప్పుడు పెంచామో నాకైతే గుర్తులేదు. ఎలా ఉంది అని అడిగితే మటుకు, వేడి చేసుంటే ఇంకా బాగుండేదని నోరు జారాడు.

నీకు పెద్దరికం ఇచ్చినందుకు సంతోషం. తెల్ల కోటులో ఫొటో తీయించుకుని పంపు, గోడకి పెడతాను. కానీ నా మనసులో మాట దాచను. నిరుడు శరత్కాలంలో పదకొండు పెళ్ళిళ్ళకి వండాను. ఏడు ఊళ్ళవాళ్ళు బండి కట్టి పంపుతారు నా కోసం. పందిట్లో సర్మాలె కుండ దింపగానే సన్నాయి వాళ్ళు పెళ్ళికూతురి పాట ఆపి ముందు నాకు వాయిస్తారు. నేను పొయ్యి వెనకనుంచి కొంగుకి చేతులు తుడుచుకుంటూ వస్తే జనం లేచి నిలబడతారు. పెద్ద చదువు లేదు, పిల్లలు లేరు, నాకున్నది ఆ ఒక్క గౌరవం. ఈ రుచి ఇంకెక్కడా దొరకదనే కదా బండి పంపుతున్నారు. రేపు కొట్టు అల్మారాలో వరసగా దొరికితే నా గుమ్మం ముందు బండి ఎందుకు ఆగుతుంది?

ఈ ఏడు నవంబరు మొదటి ఆదివారం సహకార సంఘం అధ్యక్షుడు ఉంగురియాన్ గారి అమ్మాయి లుమినిత్సా పెళ్ళి. నాలుగు వందల మంది. ఇప్పుడే వచ్చి మాట తీసుకున్నారు. పక్క ఊరి ఫెవ్రోనియా ఆ వంట తనకొస్తుందని ఆశపడింది. రాకపోయేసరికి ప్రొఫీరా పని అయిపోయిందని చెప్పుకు తిరుగుతోందట. తిరగనీ.

ఎంతైనా నువ్వు అత్తమ్మ కడుపున పుట్టినదానివి. కాదనలేను కనక రాస్తున్నాను. క్యాబేజీ గడ్డలు చిన్నవి ఏరుకోవాలి. పీపాలో సోయకూర కాడలు, గుర్రపు ముల్లంగి వేసి ఊరబెట్టాలి. మూడో రోజు నుంచీ అడుగున ఉన్న పులుపు నీళ్ళు తీసి పైన పొయ్యాలి, లేకపోతే ఆకు జిగురవుతుంది. ఖీమాలో మూడో వంతు కొవ్వుండాలి. ఉల్లిపాయ పందికొవ్వులో వేగాలి, మాడకూడదు. బియ్యం మూడు నీళ్ళలో కడగాలి. అడుగున పొగబెట్టిన పక్కటెముకలు పరిచి, సర్మాలె గుండ్రంగా పేర్చి, పులుపు నీళ్ళూ టమాటా రసమూ పోసి, సన్నని సెగ మీద అయిదు గంటలు.

ఇంతే. ఇంతకు మించి ఏమీ లేదు.

ప్రొఫీరా


బకావ్,
21 మే 1978

వదినా,

నువ్వు రాసినట్టే చేశాను, పొల్లు పోకుండా. కుండలో వండితే బాగుంది. డబ్బాలో పట్టి ఆవిరి పెట్టెలో పెడితే బియ్యం గంజయింది. ఆకు పగిలి, లోపలిది బయటికొచ్చి, డబ్బా తెరిస్తే పసిపిల్లలకి పెట్టే జావలా ఉంది. అయిదుసార్లు చేశాం. బియ్యం తగ్గించి చూశాం, నానబెట్టకుండా చూశాం. ఇంజనీరు రాజధాని నుంచి వచ్చిన ఇంకో పద్ధతి బల్ల మీద పెట్టాడు. అందులో చక్కెర వేస్తారు వదినా. సర్మాలెలో చక్కెర. అక్టోబరు దాకా గడువిచ్చాడు. అప్పటికి మనది కుదరకపోతే చక్కెరదే ఖాయం.

నేను ఇంట్లో కూడా వండి చూశాను. బాగుందన్నానే గానీ, అది అమ్మ చేతి వంట కాదు. నీ వంట కూడా కాదు. పోయిన క్రిస్మసుకి మీ ఇంట్లో తిన్నది నా నాలుక మీద ఇంకా ఉంది. మీ సర్మాలె కొరికితే లోపల పలుకు తగులుతుంది, ఎంతసేపు ఉడికినా మెత్తబడిపోదు. నేను చేసింది ముద్దగా ఉంది.

నువ్వేదో దాచావు.

ఇంతకు మించి ఏమీ లేదని ఎవరూ అడక్కుండానే రాశావు చూడు, అక్కడే దొరికిపోయావు. బండి రాదని భయపడి దాచావా? అమ్మ చేతి రుచి అది. నీ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది కాదు. అమ్మ కన్నది నన్ను, నేర్పింది నీకు, అయినా నేను నోరెత్తలేదు. ఇన్నేళ్ళకి ఒక్కసారి అడిగితే సగం చెప్పి సగం మింగేశావు. నాకు ఇద్దరూ మగపిల్లలే. నీ తర్వాత ఆ రుచి ఎవరికిస్తావు? పట్టుకెళ్ళి నీతోపాటు మట్టిలో పెట్టించుకుంటావా?

కసాండ్రా


వాల్యా మొరీ,
4 జూన్ 1978

కసాండ్రా,

నా తర్వాత ఎవరని అడిగావు. ఈ ముప్పై ఏళ్ళలో నన్ను ఆ మాట అడగని మనిషి ఒక్కతే ఉండేది, మీ అమ్మ. రెండోదానివి నువ్వనుకున్నాను.

మీ అన్నయ్య కులాసా. వడగళ్ళకి రేగు పూత పోయింది. నాకు రాయడానికి ఇంకేమీ లేదు.

ప్రొఫీరా


బకావ్,
2 జులై 1978

వదినా,

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను. నా చుట్టూ ఉన్నవన్నీ ఆకులే, అయినా మంట తగ్గడం లేదు.

ఆ ఉత్తరం పోస్టు చేసిన సాయంత్రమే వెళ్ళి పోస్టు డబ్బా తెరిచి వెనక్కి ఇమ్మని పోస్టాఫీసు వాడిని బతిమాలాను. వాడు నవ్వాడు. మా బల్ల దగ్గర పనిచేసే రుక్సాండ్రాకి కూడా పిల్లల్లేరు. ఆమెకి నీకు రాసిన మాట చెప్పాను, ఎవరో అన్న మాటలాగా. ఆమె చుట్టడం ఆపి, "ఎవరన్నారో గానీ వాళ్ళ నోట పుండు పుట్ట" అంది. మధ్యాహ్నం దాకా నేను తల ఎత్తలేదు.

నిజం చెప్తాను. నాకు నీ మీద కుళ్ళుండేది. నువ్వు కోడలుగా వచ్చేనాటికి నాకు పదిహేనేళ్ళు. పెళ్ళయిన మూడో రోజు అమ్మ నిన్ను వంటింట్లోకి పిలిచి తలుపేసింది. నేను బయట గడప మీద కూచుని వినడానికి ప్రయత్నించాను. మీరిద్దరూ లోపల నవ్వుకుంటున్నారు. ఆ నవ్వు నాకు ఇన్నేళ్ళూ అరగలేదు. అమ్మ పోయేటప్పుడు కూడా నీ చేయే పట్టుకుని ఏదో గొణిగింది. నేను రెండో పక్కన నిలబడి ఉన్నాను.

పద్ధతి ఇక అడగను. ఇంజనీరుతో మా వల్ల కాదని చెప్పేస్తాను. చక్కెర వేసి చుడతాను, నిమిషానికి నాలుగు, నోరు మూసుకుని. నువ్వు ఒక్క ముక్క రాయి చాలు, తిట్టినా సరే.

కసాండ్రా


వాల్యా మొరీ,
13 ఆగస్టు 1978

కసాండ్రా,

నీ ఉత్తరం మీ అన్నయ్యే చదివి వినిపించాడు, నా కళ్ళద్దాలు పగిలాయి. గడప మీద కూచున్న సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆయన చదవడం ఆపి కళ్ళు తుడుచుకున్నాడు. పొగ అన్నాడు. వేసవిలో ఇంట్లో పొగేమిటో.

నేను దాచిన మాట నిజం. బండి కోసం దాచలేదు. మాట ఇచ్చాను కనక దాచాను. మీ అమ్మ చివరి క్షణంలో నా చేయి పట్టుకుని గొణిగింది కూడా ఆ మాటే. ఇప్పుడు ఆ ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. అత్తమ్మ నన్ను పైన నిలదీస్తే, నీ కూతురు గడప మీద ఏడుస్తుంటే ఏం చెయ్యమంటావని అడుగుతాను.

నలభై ఆరులో కరువు నీకు గుర్తుంది. నా పెళ్ళి నలభై ఏడు శరత్తులో. అప్పటికి యుద్ధం మొదలైనప్పటి నుంచీ ఊళ్ళో ఎవరూ బియ్యం మొహం చూసి ఎరగరు. పెళ్ళంటే సర్మాలె ఉండాలి. సర్మాలె అంటే బియ్యముండాలి. లేకపోతే ఊరంతా మీ అమ్మని, సాఫ్తా కొడుక్కి పెళ్ళి చెయ్యలేక చేసిందంటారు. మీ అమ్మ ఏం చేసిందో తెలుసా? పెరట్లో రెండు సాళ్ళు తెల్ల మొక్కజొన్న పండితే దాన్ని తిరగలిలో పలుకుగా విసిరి, పిండి జల్లించి పారబోసి, ఆ నూకని ముందు రోజు పులుపు నీళ్ళలో నానబెట్టింది. ఖీమాలో కలిపి చుట్టింది. సంకటి వండుకునే గింజ. కోళ్ళకి చల్లే గింజ. పెళ్ళి కుండలో పెట్టింది.

వడ్డించేముందు మాత్రం, మా పుట్టింటివాళ్ళు గలాట్స్ రేవు నుంచి బియ్యం పంపారని అందరితో చెప్పింది. ముందు నీతో చెప్పింది. ఎందుకంటే నీ నోట్లో నువ్వుగింజ నానదు. నువ్వు గంటలో ఊరంతా టాంటాం వేసి వచ్చావు, గలాట్స్ బియ్యం, గలాట్స్ బియ్యం అని. రెండేళ్ళు ఆకలితో మాడిన జనం ఆ రోజు కుండ అడుగు నాకారు. ఇంత మంచి బియ్యం ఎన్నడూ తినలేదన్నారు. మూడో రోజు మీ అమ్మ తలుపేసి నాకు చెప్పిన సంగతి ఇదే. నువ్వు విన్న నవ్వు ఇందుకే. నీ మీద కాదు.

తర్వాత బియ్యం మళ్ళీ దొరికాయి. ఒక పెళ్ళికి అత్తమ్మ ఉత్త బియ్యంతో చేస్తే, ఈసారి గలాట్స్ బియ్యం తేలేదేమని అడిగారు. ఇంకేం చేస్తాం? సగం బియ్యం, సగం నూక. అప్పటినుంచీ ఈనాటి దాకా అంతే. పెళ్ళికి తగినంత బియ్యం కొని ఇస్తారు, మేం దొంగచాటుగా నూక కలుపుతాం. బియ్యం కొనలేక కలిపారంటే ఇంటి పరువు, పెళ్ళివారి పరువు రెండూ పోతాయని అత్తమ్మ భయం. నాదీ అదే భయం. పెరట్లో తెల్ల మొక్కజొన్న ఎందుకని అడిగితే కోళ్ళకని చెప్తాను. తిరగలి తలుపేసుకుని తిప్పుతాను. మీ అన్నయ్యకి కూడా మొన్న నీకు ఈ ఉత్తరం రాద్దామని కూచున్నప్పుడే తెలిసింది.

ఆ ఏడు మనందరికీ భూమ్మీద నూకలున్నాయంటే ఆ నూక వల్లే కసాండ్రా. కానీ ఈ సంగతి లోకానికి ఎలా చెప్పను?

నూక నీకు ఇస్తున్నాను. పలుకు గసగసాల కంటే పెద్దగా, గోధుమ గింజ కంటే చిన్నగా ఉండాలి. నీ ఆవిరి పెట్టెలో అది గంజి కాదని నాకనిపిస్తోంది, అయిదు గంటల పొయ్యికే లొంగని గింజ అది. ఒక్కటే అడుగుతాను. ఫ్యాక్టరీ గోడ దాటి ఎవరికీ చెప్పకు.

వదిన


బకావ్,
15 అక్టోబరు 1978

వదినా,

నిలిచింది. ఒక్క ఆకు పగల్లేదు. మూడో ప్రయత్నంలోనే, డబ్బా తెరవగానే, పద్నాలుగూ వరసగా పడుకుని ఉన్నాయి. నేను ఒకటి కొరికి కుర్చీలో కూలబడ్డాను. పలుకు తగిలింది, అమ్మ పలుకు. రుక్సాండ్రా నాకు నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

కమిటీలో అయిదుగురు వచ్చారు. నలుగురు పళ్ళేలు ఖాళీ చేశారు. అయిదో ఆమె, బాగా పెద్దావిడ, చెంచా కింద పెట్టి, ఇది ఏ ఇంటిదని అడిగింది. వాల్యా మొరీలో సాఫ్తా గారి ఇంటిదని చెప్పాను. నా జన్మలో అంత నిటారుగా ఎప్పుడూ నిలబడలేదు. ముంతెయాన్ కూడా ఒప్పుకున్నాడు, చిన్నవైనా పిసినారితనం కనిపించడం లేదని.

ఇక కష్టం విను. డబ్బా మీది కాగితంలో లోపలేముందో అంతా అచ్చువెయ్యాలి, అది చట్టం. క్యాబేజీ, పంది మాంసం, ఉల్లిపాయ, బియ్యం, మొక్కజొన్న నూక. ఆ ఆఖరి మాట తీసెయ్యమని ఇంజనీరుని బతిమాలాను. కుదరదన్నాడు. ఎందుకమ్మా, తినే గింజే కదా అన్నాడు.

నా సంతకం పడితేనే అచ్చుకి వెళ్తుంది. నేనింకా పెట్టలేదు. నువ్వు వద్దంటే కాగితం చించేస్తాను. చక్కెర సర్మాలె వస్తాయి, నీ పరువు నీకుంటుంది. ఈసారి నిన్ను ఏ మాటా అనను, ఒట్టు.

నీ కసాండ్రా


వాల్యా మొరీ,
19 అక్టోబరు 1978

కసాండ్రా,

సంతకం పెట్టు. నేను పోయాక తిరగలి ఎవరూ తిప్పరు. పేరు లేకపోయినా రుచి ఉండనీ.

కానీ ఉంగురియాన్ గారి పెళ్ళి అయిదో తారీఖున. అది దాటేదాకా ఆ డబ్బాలు మా వైపు రాకుండా చూడు. అది నా ఆఖరి పెద్ద వంట అనుకుంటున్నాను, తల ఎత్తుకుని ముగించనీ.

వదిన


బకావ్,
31 అక్టోబరు 1978

వదినా,

చేతిలో ఉన్న పని ఆపి రాస్తున్నాను. లారీలు నాకు చెప్పకుండానే కదిలాయి. మొదటి సరుకు మన జిల్లాకే పంపారట, సొంత ఊరివాళ్ళు ముందు తినాలని. నాకు గౌరవం చేశామనుకున్నారు. శనివారానికి మీ సహకార కొట్లో ఉంటాయి. అన్నయ్యతో చెప్పు, నోరు అదుపులో పెట్టుకోమని. నన్ను క్షమించు.

కసాండ్రా


వాల్యా మొరీ,
12 నవంబరు 1978

కసాండ్రా,

అయింది. మొదటి నుంచీ చెప్తాను, మధ్యలో ఏడవకు.

నీ ఉత్తరం నాకు సోమవారం చేరింది, పెళ్ళయ్యాక. డబ్బాలు శనివారమే చేరాయి. మీ అన్నయ్య కొట్లో వాటిని చూసి, ఇది మా చెల్లెలు పట్టింది, ఇది మా ఇంటి వంట అని సారా దుకాణంలో ఉన్నవాళ్ళందరికీ పట్టుకెళ్ళి చూపించాడు. నువ్వుగింజ నానకపోవడం మీ వంశానికే ఉంది. అక్కడున్న ఫెవ్రోనియా చిన్న కొడుకు, మా అమ్మకి కూడా చూపిస్తానని ఒక డబ్బా పట్టుకెళ్ళాడు.

ఆదివారం హాలు కిటకిటలాడింది. కుండలు దింపాను, తొమ్మిది. సన్నాయి వాళ్ళు పెళ్ళికూతురి పాట ఆపి నా వైపు తిరిగారు. అప్పుడు ఫెవ్రోనియా లేచింది. వాయించేముందు నాదొక్క మాట వినండి అంది. డబ్బా పైకెత్తి, కాగితం మీదున్నది నిదానంగా చదివింది, బడి పంతులమ్మలా. మొక్కజొన్న నూక అన్న చోట ఆగి, రెండోసారి చదివింది.

"ఇది ప్రొఫీరా ఇంటి పద్ధతేనని వాళ్ళాయనే చెప్పాడు. అధ్యక్షుడు గారి కూతురి పెళ్ళి కుండలో కోళ్ళ గింజ పడిందేమో అడగండి" అంది.

నాలుగు వందల మంది నా వైపు చూశారు. కసాండ్రా, నీ దగ్గర దాచను. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. అది ఫ్యాక్టరీ వాళ్ళు కలిపిన కల్తీ, మా కుండలో ఉన్నది గలాట్స్ బియ్యమే అనాలి, అంతే. ఆ ఒక్క మాటతో నా పరువు నిలుస్తుంది, నీది పోతుంది. అత్తమ్మ తిరగలి తిప్పి తిప్పి చేతులు బొబ్బలెక్కిన గింజ, మనల్ని బతికించిన గింజ, కల్తీ అవుతుంది. కొంగుకి చేతులు తుడుచుకుని పొయ్యి వెనక నుంచి ఇవతలికి వచ్చాను.

"నూకే. మా అత్త సాఫ్తా కరువులో కనిపెట్టిన నూక. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ ఏడు ఊళ్ళలో నేను దింపిన ప్రతి కుండలోనూ అదే ఉంది. గలాట్స్ బియ్యం అన్నది ఎన్నడూ లేదు. ఎవరికి అరగలేదో చెయ్యెత్తండి" అన్నాను.

ఒక్క చేయి లేవలేదు. ఉంగురియాన్ గారు మాత్రం కుర్చీలోంచి లేచారు. ఆయన పెళ్ళికి కూడా నేనే వండాను, యాభై ఆరులో.

"నా పెళ్ళిలోనూ ఇదేనా?" అన్నారు.

"మీ పెళ్ళిలోనూ ఇదే. మీరు మూడుసార్లు వడ్డించుకున్నారు."

ఆయన కాసేపు తన పళ్ళెం వైపు చూశారు. తర్వాత ఆ పళ్ళెం నా ముందుకి చాపి, "అయితే ఇది నాలుగోసారి" అన్నారు. హాలంతా గొల్లున నవ్వింది. ముసలివాళ్ళు బల్లలు చరిచారు. మా గ్రిగొరె తాత అయితే, ఆ ఏడు సాఫ్తా నా పిల్లలకి పంపిన కుండలో కూడా ఇదే అన్నమాట అని టోపీ తీసి నిలబడిపోయాడు. సన్నాయి వాళ్ళు ఎవరూ చెప్పకుండానే ఎత్తుకున్నారు. ఆ పాట ఎంతసేపు వాయించారో నాకు తెలియదు. నేను ఏడుస్తున్నాను.

తొమ్మిది కుండలూ ఖాళీ. ఫెవ్రోనియా కూడా తింది, నేనే వడ్డించాను. తలొంచుకుని తింది, ఇంకొంచెం వెయ్యమంది. మర్నాడు పొద్దున్న ఆవిడ కోడలే మా గుమ్మంలోకి వచ్చింది, చేతిలో సోలెడు మొక్కజొన్న గింజలు పట్టుకుని, ఏ పలుకుకి విసరాలో చూపించమని. చూపించాను. తలుపు వేసుకోలేదు. వచ్చే ఏడాదికి అయిదు పెళ్ళిళ్ళకి మాట తీసుకున్నారు, నూక తగ్గించవద్దని ముగ్గురు గట్టిగా చెప్పి వెళ్ళారు.

నీ డబ్బా కూడా తిన్నాను ఎట్టకేలకు, వేడి చేసుకుని. మనదే. దూరం వెళ్ళి వచ్చిన మనిషిలా కొంచెం బడలిక కనిపిస్తోంది గానీ, మనదే. అత్తమ్మకి ఒకటి సమాధి దగ్గర పెట్టి దండం పెట్టుకుని వచ్చాను. ఆవిడకి కోపం వచ్చి ఉంటే ఈపాటికి నాకు తెలిసేది.

ఒక్క లోపం ఉంది. మీ ఇంజనీరు గారితో చెప్పు. డబ్బా మీద అన్నీ పెద్ద పెద్ద అక్షరాల్లో వేసి, మొక్కజొన్న నూక అన్న మాట మాత్రం అడుగున చీమ తలకాయంత వేశారు. నాకు కళ్ళు సరిగా కనిపించవు. అది అన్నిటికంటే పైన, అన్నిటికంటే పెద్దగా వెయ్యమను.

నీ వదిన ప్రొఫీరా